మంగళవారం బల్లలు

మంగళ, శుక్రవారాల్లో
మా మందిరంలో బల్లలు ఎదురెదురుగా తిరుగుతాయి.
ఆదివారం బైబిళ్ళు ఆన్చిన చోట
పలకలు ఆన్చి కూచుంటారు పిల్లలు.
తెల్లారి నాలుగున్నర బస్సుకి
నాన్న రక్తం కడిగించుకోడానికి పోతే,
తోడుగా అమ్మ పోతే,
ఇంటి తాళంచెవి మెళ్ళో వేసుకుని
వీళ్ళు ఇక్కడికొస్తారు.

నేను కోశాధికారిని.
ముప్పయ్యేళ్ళు సోంపేట పోస్టాఫీసులో స్టాంపులమ్మిన చెయ్యి.
పైసా తేడా వస్తే ఆ రాత్రి నిద్రుండదు.
ఈ లెక్క మాత్రం ఎప్పుడూ కుదరదు.

బియ్యం సగం మావి.
మిగతా సగం జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళవి.
కూలి ముట్టిన రోజు మనిషికో గిద్దెడు,
సొన తినేసిన నల్లటి వేళ్ళతో కొలిచి పోస్తారు.
ఏ పద్దు కింద రాయను?

గుండిగ రామమందిరం భజన సంఘానిది.
అంచు మీద దాత పేరు, గోత్రంతో సహా చెక్కి ఉంది.
తోమినప్పుడల్లా మా పాస్టరమ్మ కరుణావతి
ఆ పేరు పైకి చదివి
"చల్లగుండాల మహానుభావుడు" అంటుంది,
ఆయన్నీ కిడ్నీయే తీసుకుపోయిందని తెలిసీ.

చేపలు వాడవాళ్ళిస్తారు, వలలో పడితే.
పడని రోజు ఢిల్లేశు సైకిలు గంట కొట్టి
"ఈయేళ సముద్రమే పస్తుందమ్మా!" అని
ఆగకుండా పోతాడు.

తిత్లీ తుపాను ఎత్తుకుపోయిన రేకుల చోట
పంచాయతీ వాళ్ళ టార్పాలినే ఇంకా.
వాన పడితే ఎవరి గొంతూ ఎవరికీ వినబడదు.
అప్పుడు అంగన్‌వాడీ నీలవేణి
వేళ్ళు ముడిచీ విప్పీ
ఏడో ఎక్కం చెబుతుంది.

మొదట్లో ఒక రూలు పెట్టుకున్నాం.
రాసింది నేనే, ఎర్ర సిరాతో:
ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళ పిల్లలకు మాత్రమే.
గింజలు కొన్ని, నోళ్ళు ఎన్నో.
ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి గదా అని.

ఆగస్టులో ఒక శుక్రవారం
లోహితు, నాలుగో తరగతి,
బల్ల దగ్గరకి రాకుండా గుమ్మంలో నిలబడ్డాడు.
కొత్త గుండు మీద నూనె మెరుస్తోంది.
చేతిలో పళ్ళెం, ఇంటినుంచి తెచ్చుకున్నది.

"ఏట్రా, అక్కడే ఉండిపోనావు? రా!"

"స్టాంపులమ్మా...
మా అయ్యింక ఆస్పత్రికెల్డు గదా.
నాను రావొచ్చో లేదో
అడిగి రమ్మంది అమ్మ."

గుండిగలో గరిటె ఆగిపోయింది.
పొయ్యి దగ్గర పోలమ్మ కొంగు మొహానికడ్డం పెట్టుకుంది.
పాస్టరుగారు వాక్యం కోసం వెతుక్కున్నారు.
నలభయ్యేళ్ళ బోధకుడికి
ఆ పూట ఒక్కటీ దొరకలేదు.
దొరకనందుకే
ఆయనంటే నాకు ఇంకొంచెం గౌరవం.

నేను పుస్తకం తెరిచాను.
ఎర్ర గీతని కొట్టెయ్యొచ్చు.
కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టాలి, పోస్టాఫీసు అలవాటు.
దాని కింద నా పేరు పెట్టడానికి చెయ్యాడలేదు.
పేజీ చింపేశాను.
చింపి, పొయ్యిలో పెట్టాను.
కాగితం మంట ఎంతసేపు!
అన్నం మాత్రం అప్పటికే ఉడికి ఉంది.

వాడి పళ్ళెం పెద్దది. తండ్రిది కాబోలు.
రెండు గరిటెలు వడ్డించినా
ఇంకా అడుగు కనబడుతూనే ఉంది.
మూడోది వేశాను.
"సెల్లికి కూడా" అన్నాడు, తలెత్తకుండా.
నాలుగోది.

మార్చిలో లెక్కలు చూసేవాళ్ళొచ్చి
కళ్ళజోడు సర్దుకుని
"పదిహేడో పేజీ ఏదండీ?" అన్నారు.

పిల్లలు తినేశారండీ, అన్నాను.