ఎడమ చెవి

ఆరేళ్ళప్పుడు గవదబిళ్ళలొచ్చి
మా పెదనాన్న ఆంబ్రోస్‌కి ఎడమ చెవి పోయింది.
"తలుపు మూసుకుపోవడం కాదే,
అక్కడ గోడ కట్టేశారు" అనేవాడు.

న్యూఫౌండ్లాండ్ దక్షిణపు ఒడ్డున పదకొండిళ్ళ రేవు మాది.
జూన్‌లో కాపెలిన్ చేపలూ పొగమంచూ కలిసి వస్తాయి.
చేపలు వెళ్ళిపోతాయి.
మంచు మాత్రం పని లేని చుట్టంలా
కాళ్ళు చాపుకుని ఉండిపోతుంది.

ఆ రోజుల్లో ఆయన పడవ కదలాలంటే నేనుండాలి.
తొమ్మిదేళ్ళదాన్ని. వల లాగలేను,
గాలానికి ముడి వెయ్యడం కూడా రాదు.
"థర్జా, నా ఎడం పక్కన కూచో, అదే నీ ఉద్యోగం."
జీతం రోజుకో మొలాసిస్ మిఠాయి.

ఆ ఉద్యోగం ఏమిటో తెలిసింది చాలా ఏళ్ళకి,
సెయింట్ జాన్స్‌లో చెవుల డాక్టరు దగ్గర పనికి కుదిరాక.

రెండు చెవులకీ మధ్య ఎడం జానెడు.
కుడి పక్కన గిలక కీచుమంటే
కుడి చెవికి ముందు కబురు,
ఎడమ చెవికి ఆలస్యంగా.
ఎంత ఆలస్యం?
రెప్పపాటుని మూడు వందల ముక్కలు చేస్తే
అందులో ఒకటో, రెండో.
ఆ ముక్కని చేత పట్టుకుని లోపలెవరో
లెక్క కట్టేస్తారు, దిక్కు చెప్పేస్తారు,
మనకింకా "ఏమిటా చప్పుడు" అని కూడా తోచకముందే.
సన్నటి కీచు గొంతులకైతే
తలే కొండలా అడ్డం నిలబడుతుంది,
అవతలి చెవి నీడలో పడిపోతుంది.

ఒంటి చెవికి ఈ లెక్క లేదు.
కబురు వస్తుంది. ఏ వీధినుంచో తెలీదు.
అందుకే ఎవరు పిలిచినా పెదనాన్న కుడికే తిరిగేవాడు.
లోకంలో చప్పుళ్ళన్నీ ఆయనకి కుడి పక్కనే పుట్టేవి.

ఆ రోజు మంచు ఎంత చిక్కనంటే
కూచున్న చోటికి పడవ ముక్కు కనపడలేదు.
రేవు మీద అమ్మ ఇనప పెనాన్ని గరిటెతో కొడుతోంది.
మా రేవుకి దీపస్తంభం అదే.
ఠంగ్.
"ఎటు?" అన్నాడు.
"ఎదురుగానే" అన్నాను, అనుమానం లేకుండా.
కుడీ కాదు, ఎడమా కాదు, సరిగ్గా నడుమ మోగింది మరి.
వెళ్ళాం.
ఠంగ్ చిక్కిపోయింది.
ఇంకా వెళ్ళాం.

ఇంజను ఆపేశాడు.
తిట్టలేదు. చెయ్యి చాచి
చెవులమీదికి దిగిన నా ఉన్ని టోపీ లాగేశాడు.
చలి కొరికింది.
"డొప్పలోని ఆ మడతలు అందానికనుకున్నావా?
ఎదుటి చప్పుడు వాటికి ఒకలా తగులుతుంది, వెనకది ఇంకోలా.
టోపీ కింద అన్నీ ఒకటే.
ఇప్పుడు తల తిప్పు. నెమ్మదిగా."

తనూ తిప్పాడు, కళ్ళు మూసుకుని,
ఉన్న ఒక్క చెవినీ లాంతరులా పట్టుకుని
మంచులో వెతుకుతూ.
ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ,
మళ్ళీ ఇటు, కొంచెం అటు.
నాకు పుట్టుకతో ఊరికే వచ్చినదాన్ని
ఆయన యాభై ఏళ్ళుగా
మెడ నొప్పెట్టేలా కొనుక్కుంటున్నాడు.

రెండు ముఖాలూ ఒకే చోట ఆగాయి.
వెనక.
ఇంటికనుకుని సముద్రంలోకి పోతున్నాం మేం.

రేవు చేరేసరికి అమ్మ అరచెయ్యి బొబ్బలెక్కింది,
పెనం అంచు సొట్టబోయింది.
"పిల్లని చంపుదామనుకున్నావా, ఆంబ్రోస్!"
ఆయన ఎడం భుజం పక్కనే నిలబడి అరిచింది.
పెదనాన్న టోపీ తీసి, తల వంచి,
"తప్పయిపోయిందమ్మా" అన్నాడు
కుడి పక్కనున్న ఉప్పు పీపాలతో.