ఆరో తీగ

గిటారొచ్చింది, ఎలీషా రాలేదు.
తెచ్చినవాడికి వేళ్ళ నిండా ఉంగరాలు,
బిల్లడక్కుండానే డబ్బు బల్లమీద పెట్టాడు.
"సాయంత్రం షో. త్వరగా."

నెలకో తీగ తెంపుకుని
మా గవర్నర్‌పేట మెట్లెక్కేవాడు ఎలీషా.
తెగిన చోటు చూస్తే తెలిసిపోయేది నాకు,
కావాలనే మెలిపెట్టాడని.
ఈసారిది తెగలేదు. కోశారు.

ఏలూరు రోడ్డంతా పోస్టర్లలో అతని మొహమే,
మైదా ఇంకా ఆరలేదు.

గిటారు కడుపులో వేలు పెడితే చీటీ:
కృష్ణా కెనాల్ స్టేషను, రాత్రి రెండూ పది.
"ఏంటది?" అన్నాడు ఉంగరాలవాడు.
"దుమ్ము."

ఆరో తీగ బిగించాను, అరస్వరం కిందికి.
శ్రుతి సరిచూసుకోడు అతను,
నా చేతిమీద అంత నమ్మకం.
మొదటి దెబ్బకే అపస్వరం.
వేలమంది అరుపుల్లో
అతనికొక్కడికే వినపడుతుంది,
నేను చదివానని.