జల్లెడలకెళ్లి జారింది

హంసలదీవి కాడ తీసిన సముద్రపు బురద
జడ్చర్ల బస్సుల, డబ్బాల,
మా పాలమూరు కాలేజీకొచ్చింది.
షహనాజ్ మేడం చెప్పినట్టు
సన్న జల్లెట్ల పోసి కడుగుతున్న.
గులాబి మందు కలిపితే
పానమున్నవాటికే రంగు పడుతదంట.
ఇసుకకు పడదు.

"కురుమన్నా, నువ్వూ సూడు" అని జరిగింది మేడం.

అద్దం కింద
నువ్వుగింజల పదోవంతు పురుగు.
రొయ్యకు మరదలి వరస.
నెత్తిన ఒకటే కన్ను,
తోకకు రెండు ఎంటికలు,
కడుపుకింద గుడ్ల సంచి,
మా అమ్మ కొంగుల శెనగలు ముడేసుకున్నట్టు.
రెండు ఇసుక రేణువుల నడుమ సందు
దానికి ఇల్లు, వాకిలి, ఊరు.
పట్టా అడిగెటోడు లేడు.

ఇది మేడం చెప్పలే, నేననుకున్నదే:
దుందుభి కోసుకపోయిన మా చెల్క
డిండిల కొంత, సాగర్ల కొంత ఆగంగ ఆగంగ
ఓ చిటికెడన్న ఆడిదాక పొయ్యుంటది.
నాయిన మన్ను తవ్వుతందుకు బొంబాయి పాయె,
ఇంటి మన్నేమో సముద్రం పాయె.
ఇద్దరిల ఎవరూ ఉత్తరం రాయలే.

రిజిస్టర్ల రాసిన: నూటా నలభై మూడు.
గుడ్లు లెక్కపెట్టలే.

జల్లెడలకెళ్లి జారిన ఒండ్రు
బకెట్ల అడుక్కు దిగింది, ఎర్రగ.
సింకుల పోయ బుద్ధిగాలే.
ఎనక దానిమ్మ మొదట్ల పోసొచ్చిన.

"మందు నీళ్లు! చెట్టు సస్తది కదనయ్యా"
అని కోప్పడ్డది మేడం.

రెండు బకెట్లు మంచినీళ్లు మోసి పోసిన.
మన్ను మాత్రం తియ్యలే.