మెడ దగ్గర ముడి

వేట బందు రెండు నెలలూ
పెద జాలారిపేటలో బోట్లు ఇసకలో బోర్లా పడుకుంటాయి.
మా అరుగు మీద మాత్రం
డాల్డా డబ్బాలో సీసం తలకాయలు గలగలమంటాయి,
మావయ్య పాత వల గుళ్ళు కరిగించి పోసినవి.
వాటికి అగ్గిపుల్లతో కళ్ళు పెట్టేది నేను,
గోళ్ళరంగు ఎరుపు.
లంగా కట్టేదీ నేనే.

లంగా అనకూడదు, కుచ్చు అనాలి అనేది పిన్ని.
"లంగా అంటే జారిపోద్దే.
కుచ్చంటే జడని పట్టుకునుంటాది."

పిన్ని కొర్లమ్మది దారం పద్ధతి.
సిమెంటు సంచి పోగులు ఇరవై,
చిప్స్ పాకెట్టు లోపలి వెండి రేకు నాలుగు చీలికలు.
వాటిని సీసం ముక్కు వైపు వాల్చి పట్టుకుని
మెడ చుట్టూ మైనపు దారం
పదకొండు చుట్లు.
అప్పుడు పోగులన్నీ వెనక్కి దువ్వితే
ముడి వాటి కింద దాక్కుంటుంది.
కొసని పంటితో తెంపేది.
కొరికీ కొరికీ ముందుపంటికి చిన్న గాడి పడింది.
నవ్వితే కనబడుతుంది.
ఆవిడ నవ్వడం తక్కువ.

జగదాంబ వెనక సందులో
మోటార్లు చుట్టే గవిరినాయుడు రాగితీగ ఇచ్చాడొకసారి.
మూడు చుట్లు, పట్టకారుతో ఒక మెలి. గట్టిదే.
కానీ బిగించిన చోటే పోగుల్ని కోసేస్తుంది,
ఉప్పు తగిలి వారానికే పచ్చబడుతుంది.
మెడ పచ్చబడ్డ గేలాన్ని
పరదేశి నా ఒళ్ళోకే విసిరేశాడు.

తర్వాత నాకు సైకిలు ట్యూబు దొరికింది.
కత్తెరతో సన్నటి ఉంగరాలు.
ఉంగరాన్ని సాగదీసి పట్టుకో,
పోగులు దూర్చు, సీసం మెడకి తొడుగు,
వదిలెయ్.
టప్.
ముడి లేదు, మైనం లేదు, పన్ను అరగదు.
గంటకి ఆవిడవి పన్నెండు,
నావి నలభై.

నలభై చూసి పిన్ని ఏమీ అనలేదు.
ఒకటి తీసి, కుచ్చు పట్టుకుని లాగింది.
ఊడి వచ్చిందాన్ని నా ముందు పెట్టింది.
"కోణెం ఒక్క దెబ్బ కొడితే
కుచ్చు ఓ సముద్రం, గేలం ఓ సముద్రం.
డబ్బులుచ్చుకునే పనే ఇది?"
తన మైనం ముద్ద తను తీసుకుని లేచింది.

నాలుగేళ్ళు మాటల్లేవు.
కుళాయి దగ్గర బిందెలు మాత్రం
పక్కపక్కనే ఉండేవి, అలవాటుకొద్దీ.

మొన్న వేట మొదలైన పదో రోజు,
ఇంకా వెలుగు రాని హార్బర్లో
పరదేశి బోటు నించి కోణెం దిగింది,
పదకొండు కిలోలు.
దవడ మూలన ఎవరిదో పాత గేలం.
పోగులన్నీ ఊడిపోయాయి, కొక్కెం తుప్పు.
కంటికి నా ఎరుపు లేదు.
మెడ దగ్గర దారం మాత్రం చెక్కుచెదరలేదు.
ఎవరి చెయ్యో చూడగానే తెలిసింది.

బ్లేడు అడిగి తీసుకుని విప్పాను.
లెక్కపెడుతూ విప్పాను.
పదకొండో చుట్టు కింద
నల్లగా, సన్నగా,
సైకిలు ట్యూబు ఉంగరం.

నాకు నవ్వొచ్చింది, ఒక్కదాన్నే, ఆ మంచు బుట్టల మధ్య.
"ఏటే, పాట నువ్వే పాడతావేటి?" అని
వేలం దానయ్య కసిరాడు.
కాదన్నాను. గేలం చాలన్నాను.

దాన్ని పిన్నికి చూపించలేదు.
డాల్డా డబ్బాలో అడుక్కి వేశాను.
సాయంత్రం కుళాయి దగ్గర
బిందె నిండేదాకా ఆగి అడిగాను,
"పిన్నీ, మైనముందా?"
ఆవిడ నా మొహం చూడలేదు, వేళ్ళు చూసింది.
"ఏటికి?"
బిందె పొర్లుతోంది. ఎవరం కుళాయి కట్టలేదు.
కొంగుముడి పళ్ళతో విప్పి
ముద్దలో సగం తుంచి నా చేతిలో పెట్టింది.
వెచ్చగా ఉంది.

ఇప్పుడు ముందు ఉంగరం, దాని మీద దారం.
గంటకి తొమ్మిదే అవుతున్నాయి.