చెక్ ట్రే

మైపాడు బస్సు దిగి దర్గామిట్ట దాకా నడిచి
పది కొట్టకముందే బెంచీ మీద కూచున్నా.
ఆ కొసన నాగూరమ్మ కూచోనుండాది.
ఏడేళ్లు ఒకే చాప మీద పడుకున్నోళ్లం,
ఇప్పుడు మధ్యలో ముగ్గురు పట్టే జాగా.

మేడం మంచిదే. నీళ్లు తాగతావా అనడిగింది.
కాయితాల కట్ట చేతికిచ్చి
అవునైతే అవును, కాదంటే కాదు,
ఎక్కువ ఆలోచించొద్దు అంది.
మూడొందల ప్రశ్నలు.
బడి పుస్తకంలో కూడా చూడని తెలుగు.

"నిష్కారణముగా రాత్రివేళ మేల్కొందురా?"

కారణం లేకుండా ఎందుకు లేస్తాం మేడం.
ఏరియేటర్లు తిరిగినంతసేపూ మొద్దులా నిద్రపోతా.
ఆగినాయంటే లేస్తా.
చప్పుడుకి కాదు, చప్పుడు పోయినందుకు.
జనరేటర్ వేసేదానికి ఆలస్యమైతే
రెండు లక్షల రొయ్య ఊపిరి కోసం పైకి తేలతాది.
తెల్లారేతలికి లీజాయన నా మీదికి తేలతాడు.
ఇదంతా రాసే జాగా లేదు ఆ గడిలో.
అవును అని టిక్కు పెట్టినా.

సిరా మరకల అట్ట చూపించింది.
తెల్లమచ్చ రోగం పట్టిన రొయ్య తలకాయ అన్నా.
ఇంకేమన్నా కనిపిస్తా ఉందా అంది.
ఇంకేముంటాది, పంట పోయినట్టే గదా అన్నా.
చాలాసేపు రాసింది.

ఆ రాత్రి సంగతి అడిగింది.
బిడ్డ ఒక్కతే గట్టు మీద ఉండింది నిజమేనా?
నిజమే. నాగూరమ్మకి పీలింగ్ షెడ్డులో నైటు డ్యూటీ.
డీజిల్ అయిపోయింది. గంగపట్నం పోయొచ్చినా.
ముప్పావు గంట.
టార్చి దాని చేతిలోనే పెట్టిపోయినా మేడం.
చెప్పేటప్పుడు టార్చి గొప్పగానే అనిపించింది.
ఆమె మొహం చూసినాక అనిపించలా.

ఆమె పని నాకు తెలీందేం కాదు.
రోజుకి నాలుగుసార్లు నేనూ అదే చేస్తా.
ట్రే ఎత్తి, మిగిలిన మేత చూసి,
నాలుగు రొయ్యల పేగు వెలుతురుకి పెట్టి
రెండెకరాల నీళ్ల కింద ఏం జరగతా ఉందో చెప్పాల.
తెలీదంటే కుదరదు,
అడిగేవాడు గట్టు మీదే నిలబడుంటాడు.
ఒక్కోసారి బలిసినవే ఎక్కుతాయి ట్రేలోకి.
ఒక్కోసారి ఈదలేనివి వచ్చి అందులో ఆగిపోతాయి.
ట్రే అబద్ధం చెప్పదు.
చెరువంతా చెప్పదు, అంతే.

సోమవారం బాలసదనం నించి బిడ్డని తెచ్చారు.
కామాక్షి. రెండు జడలు,
ఎవురో గట్టిగా లాగి వేసినవి.
బొమ్మల బుట్ట మధ్యలో పెట్టి
ఆడుకోండి అని, మూలన కుర్చీలో కూచుంది మేడం.
ఒకరు చూస్తా ఉంటే బిడ్డతో ఎట్ట ఆడుకోవాలో
నాకెవురూ నేర్పలా.
ప్లాస్టిక్ టమోటా ఇచ్చినా.
అది తిప్పి చూసి కింద పెట్టేసింది.
"బాగుండావా" అన్నా,
పెళ్లిలో ఎదురైన చుట్టాన్ని అడిగినట్టు.

అప్పుడు పోయింది కరెంటు.
ఫ్యాను రెక్క రెక్కకీ నెమ్మదించి నిలబడింది.
బిడ్డ తలెత్తింది.
"నాన్నా, మోటార్లు!"
చెప్పుల కోసం వెతుక్కుంటా ఉండాది అప్పుడే.
తలుపు అద్దంలో నించి చూస్తే
బెంచీ కొసన నాగూరమ్మ కూడా లేచి నిలబడుండాది,
కొంగు నడుముకి దోపుకుంటా.
మేడం పెన్ను ఆగలా.
కిటికీ వెలుతురు చాలు ఆమెకి.

రిపోర్టు పన్నెండు పేజీలు.
లాయరు గుమాస్తా చదివి చెప్పినాడు.
నాకు అతి జాగరూకత అంట, నిద్రలేమి అంట.
నాగూరమ్మకీ అదే మాట, అదే గడిలో.
బిడ్డకి చప్పుళ్లంటే భయమంట.
"ఫ్యాను గురించేమన్నా రాసిందా?" అనడిగినా.
"ఏ ఫ్యాను?" అన్నాడు.

వాయిదా పద్దెనిమిదో తేదీకి పడింది.
ఈ రాత్రి కరెంటు బాగానే ఉండాది.
మోటార్లు తిరగతానే ఉండాయి నాలుగు మూలలా.
గుడిసెలో టార్చి మేకుకి వేలాడతా ఉండాది.
అయినా మెలకువ వచ్చేసింది.

ఇప్పుడడగండి మేడం ఆ ప్రశ్న.