ఎడమ పెడలు

గ్రీమ్స్‌పేట మలుపులో సైకిలంగడి.
పెడలు ఇరుసు తడిమి
చెంగల్రాయులు నవ్వినాడు:
"ఎవురబ్బా దీన్ని గోలీకాయ చేసింది?"

నేనే.
మూడు రాత్రులు, కటింగ్ ప్లేరుతో,
పండ్లు బిగబట్టి.

కిరసనాయిలు నాలుగు చుక్కలేసి
టీ తాగను పోయినాడు.
నానేదాకా దాన్ని ముట్టుకోవద్దన్నాడు,
నా చేతుల సంగతి తెలిసినట్టు.

వచ్చి, ఆకురాయితో రెండు పక్కలా చదును చేసి,
స్పానరుకు గొట్టం తొడిగి
నేను తిప్పిన దిక్కుకు ఎదురు తిప్పినాడు.
"ఎడమదానికి మర తిరగబడి ఉంటాది సామీ.
మూడు రాత్రులూ నువ్వు బిగిస్తానే ఉండావు."

కీచుమనింది. చింతపండు రంగు తుప్పు
వాడి మోకాలి మీద రాలింది.

ఇరవై అడిగినాడు, ఇచ్చినా.
ఊడదీస్తా ఉండాననుకోని
ఇంకేమేం బిగించినానో
కట్టమంచి దాకా తొక్కుతా లెక్కేసినా.
మధ్యలో చైను పడింది.