నాలుగు ఓమ్‌ల తాహతు

పొగ వాసన ముందు నాకే తగిలింది.
పోయినేడు, కిన్షాసాలో, లెంబా పేటలో ఒక పెళ్లి.
నా బేస్ పొట్టలోకి దిగుతోందని
ఎవరో పెద్దాయన నా చెమట నుదుటికి నోటు అంటించి వెళ్లాడు.
ఆ తడి ఆరకముందే
ఆంప్లిఫయర్ నోరు మూసింది.

మర్నాడు లుసంబా మూత విప్పింది.
కాలిన ట్రాన్సిస్టర్లు నాలుగు
మాడిన వేరుశనగ గింజల్లా నా అరచేతిలో పోసి
"ఎన్ని పెట్టెలు తగిలించావు?" అంది.
మూడు, అన్నాను, కాస్త గొప్పగానే.
ఒక్కోటి ఎనిమిది ఓమ్‌లు. మూడెనిమిదులు ఇరవై నాలుగు.
ఎంత అడ్డు ఉంటే అంత క్షేమం కదా!

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"గోడకు ఒక తలుపుంటే కొందరే పోతారు.
మూడు పెట్టి, మూడింతలు ఆగుతారనుకున్నావా?
పక్కపక్కన కట్టిన పెట్టెలు బరువు పంచుకోవు నాయనా,
అడుగుతాయి.
రెండు కలిసి అడిగితే నాలుగు ఓమ్‌లు. అది దీని తాహతు.
వెనక రేకు మీద రాసే ఉంది.
మూడోది చేరిందా, రెండున్నర పైచిలుకు.
లేదనడం దీనికి చేతకాదు.
ఇచ్చి, ఇచ్చి, మాడిపోతుంది.
వియ్యానికైతే సమవుజ్జీ వెతకాలి.
ఇక్కడంత పట్టింపు లేదు. నాలుగుకు కిందికి దిగకు, అంతే."

బాకీ మాత్రం రాసుకుంది,
నీలం సుద్దముక్కతో, తలుపు లోపలివైపు.

ఎనిమిదని అచ్చేసిన పెట్టెకు నేనే మీటరు ఆనించాను.
ఆరుంబావు చూపించింది.
మోసపోయాం, అన్నాను.
"అది ఊరుకున్నప్పటి లెక్క.
పాడేటప్పుడు అడుగు, స్వరానికో అంకె చెబుతుంది.
ఎనిమిదన్నది పిలవడానికి పెట్టిన పేరు."

మొన్న శనివారం ఇలుంగా పోయాడు.
ముప్పై ఏళ్లు పసుపు వ్యాను తోలినవాడు.
వీధి మూసి, టార్పాలిన్ కట్టి,
తెల్లవార్లూ మేలుకునే మతంగా. పాట ఆగకూడదు.
నా రెండు పెట్టెలు తమ్ముడు చిబంగుకి ఆనలేదు.
చర్చి నుంచి మూడోది తోపుడుబండి మీద తెచ్చాడు.
"మా అన్న మసీనా దాకా వినబడాలి."
కళ్లు వాచి ఉన్న మనిషికి
ఓమ్‌ల లెక్క ఏ నోటితో చెప్పను?

పళ్లతో వైరు ఒలిచాను.
నా రెండింటినీ ఒకదాని వెనక ఒకటి వరుసగా కట్టాను: పదహారు.
ఆ జంటకు పక్కన చర్చి పెట్టె: ఎనిమిది.
కలిపితే ఐదూ, కాస్త చిల్లర.
వేళ్ల మీద మళ్లీ వేశాను. ఐదే.

వాటా మాత్రం సమంగా రాదు.
ఒంటరిదానికి మూడింట రెండు వంతులు,
మిగిలిన ఒక్క వంతునూ ఆ రెండూ పంచుకోవాలి.
అందుకే చర్చి పెట్టెను వీధి చివరకు తిప్పాను,
చిబంగు కోరిన మసీనా వైపు.
జంటను చాపల మీద ఆడవాళ్ల దగ్గర పెట్టాను.
గొంతు తగ్గించి మాట్లాడే చుట్టాల్లా ఉన్నాయి అవి.
ఇలుంగా భార్య కపింగా
ఒకదాని మీద అరచెయ్యి వేసి,
పిల్లవాడి జ్వరం చూస్తున్నట్టు,
చాలాసేపు తీయలేదు.
నేను కింది తీగ మీదే ఉండిపోయాను.

మూడింటికి కరెంటు పోయింది. జనరేటర్ దగ్గింది.
చిబంగు కుర్చీలోనే నిద్రపోయాడు, నోరు తెరుచుకుని.
కోళ్లు కూసే వేళ ఆంప్లిఫయర్ వీపు తడిమి చూశాను.
వెచ్చగా ఉంది,
పొదిగే కోడి పొట్టంత. అంతకు మించి లేదు.

పరామర్శకు వచ్చిన లుసంబా
ముందు నా పెట్టెల వెనక్కి వంగి
వైర్ల వెంట వేలు పోనిచ్చింది.
ఆ తర్వాతే వెళ్లి కపింగా పక్కన కూర్చుంది.
నాతో ఏమీ అనలేదు.

తలుపు మీద బాకీ అలాగే ఉంది.